బతికిందే చెప్పండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో వాక్యం చెప్పేవాళ్ల కోసం, ఇళ్లల్లో ప్రార్థన కూడికలు నడిపేవాళ్ల కోసం, యౌవనస్థుల కూడిక బాధ్యత ఈమధ్యే చేతికొచ్చిన తమ్ముళ్లు చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద పట్టణాల్లో పాస్టరుగారిని సంఘం ఆదివారం పూట మాత్రమే చూస్తుందేమో గానీ మన దగ్గర అలా కుదరదు. పేపరు మిల్లులో షిఫ్టు దిగి వచ్చే ఆయన మిమ్మల్ని టీ కొట్టు దగ్గర చూస్తాడు, కిరాణా కొట్లో మీ ఖాతా ఎంత ఉందో కొట్టాయనకు తెలుసు, మీ ఇంట్లో ఎవరి గొంతు ఎప్పుడు పెరిగిందో గోడ అవతలున్న ఒడియా కుటుంబానికి కూడా తెలుసు. ఇలాంటి చోట ఎవరిదో అనుభవం తెచ్చి మనదిలా చెబితే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకే ముందు తెలిసిపోతుంది. పైకి ఏమీ అనదు, స్తోత్రం అంటుంది, కానీ తన కష్టం మాత్రం ఇక మీతో చెప్పుకోదు. సంఘం నడిపేవాడికి ఇంతకన్నా పెద్ద నష్టం ఉందని నేననుకోను.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీరు చెప్పేది మీరు బతికిందై ఉండాలి, మీతో కలిసి బతికినవాళ్లు అది విని ‘అవును, ఇలాగే జరిగింది’ అనగలగాలి. అది ఎలా చేయాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

సాక్ష్యాన్ని ముందు కాగితం మీద పెట్టండి

నోటికొచ్చినట్టు చెబితేనే ఆత్మ నడిపింపు అని, రాసుకుంటే విశ్వాసం తక్కువ అని మనవాళ్లలో చాలామందికి ఒక భావన ఉంది. నేను ఒప్పుకోను. మీ సాక్ష్యం రాయండి, రాశాక ఒక్కో వాక్యం పక్కన మూడింట్లో ఒకటి పెట్టండి: ఇది జరిగింది, ఇది నాకు అనిపించింది, ఇది ఎవరో చెప్పగా విన్నాను. చాలా సాక్ష్యాల్లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. ఉదాహరణకి ‘దేవుడు నాతో మాట్లాడి నన్ను ఈ ఊరికి పంపాడు’ అనే మాట తీసుకోండి. దాన్ని విప్పి చూస్తే ఉద్యోగానికి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది, వెళ్లాలా వద్దా అని ఇంట్లో రెండు వారాలు వాదన జరిగింది, మేనమామ ఆ ఊళ్లో తెలుగు కూడిక లేదని చెప్పాడు, ప్రార్థన చేసుకుంటే మనసు కుదుటపడింది, వచ్చేశారు. ఇది ఇలాగే చెప్పండి! ట్రాన్స్‌ఫర్ ఆర్డరు సంగతి చెబితే దేవుడి మహిమ తగ్గదు. వినేవాళ్లలో రేపు ట్రాన్స్‌ఫర్ వచ్చే రైల్వే కుర్రాడు ఉంటాడు, వాడికి ఆకాశం నుంచి స్వరం వినపడదు, చేతికి ఆర్డరే వస్తుంది. అందులోనే దేవుణ్ణి ఎలా వెతుక్కోవాలో మీ దగ్గర నేర్చుకుంటాడు.

పౌలు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నాడో 1 కొరింథీయులకు 7వ అధ్యాయం తీసి చూడండి. ఇది ప్రభువు ఆజ్ఞ, ఇది నా మాట అని విడదీసి మరీ చెప్పాడు. అదే పత్రిక మొదటి అధ్యాయంలో ఎవరెవరికి బాప్తిస్మం ఇచ్చాడో చెబుతూ, ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదు అని రాసేశాడు. అంత అపొస్తలుడు గుర్తులేనిదాన్ని గుర్తులేదని రాశాడు. మనం మాత్రం కూడికకు నలభై మంది వస్తే వందలాది ఆత్మలు అంటాం. అంకె తెలిస్తే అంకె చెప్పండి, తెలియకపోతే ‘హాలు నిండింది’ అనండి, నిండకపోతే అదీ అనకండి.

రాసిందాన్ని ఆ రోజుల్లో మీతో ఉన్న ఒక మనిషికి చదివి వినిపించండి. భార్య కావచ్చు, భర్త కావచ్చు, అమ్మ, అన్నయ్య, చిన్నప్పటి స్నేహితుడు ఎవరైనా సరే. ‘అది అలా జరగలేదు కదా, అప్పు తీర్చింది మామయ్య కదా’ అని వాళ్లంటే ఆ మామయ్యను సాక్ష్యంలోకి తీసుకురండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, 1 తిమోతికి 3లో అధ్యక్షుడి గురించి రాసినదీ దాదాపు అదే: సొంత ఇంటిని నడపలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని. ఆ భాగంలోనే సంఘానికి బయటివాళ్ల దగ్గర కూడా మంచి పేరు ఉండాలని ఉంది, అది మనం చదివి వెళ్లిపోతాం. మన ఊళ్లలో బయటివాళ్లు అంటే పక్కింటివాళ్లే. అప్పుడప్పుడు వాళ్లను కూడా అడగాలి.

గొంతు కూడా మీదే ఉండాలి

ఇంట్లో మామూలుగా మాట్లాడే కుర్రాడు మైకు పట్టుకోగానే టీవీలో వచ్చే ప్రసంగీకుడి గొంతు తెచ్చుకుంటాడు, ఆ సాగదీతలు, ఆ అరుపులు, మధ్యమధ్యలో ఆ ఇంగ్లీషు ముక్కలు. యూట్యూబులో విన్న ప్రసంగంలోని కథను ‘నాకు తెలిసిన ఒక సహోదరుడు’ అని మొదలుపెట్టి చెబుతాడు. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు. అదే వీడియో సంఘంలో సగం మంది ఫోన్లలో ఉంటుంది. ఎవరి దగ్గర విన్నారో చెప్పి వాడుకోండి, తప్పేమీ లేదు.

పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు (1863-1940) సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తెలుగులోనూ జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన తిరిగిన నేల మీద నిలబడి మనం జనం మాట్లాడని భాషలో వాక్యం చెప్పడం న్యాయం కాదు. పైగా మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలో చదువుతున్నారు, తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు, తెలుగు బైబిల్లోని పాత మాటలైతే అసలే అందవు. ఇంట్లో మీ పిల్లతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి, ఒడియా మాట పడితే పడనివ్వండి, వాక్యభాగాన్ని ఒడియా బైబిల్లోంచి కూడా ఒకరి చేత చదివించండి. మీకు ఒడియా సరిగ్గా రాకపోతే ఆ పదిహేనేళ్ల పిల్లనే చదవమనండి, అర్థం చెప్పమనండి. సంఘానికి మీరు నిజంగా ఎవరో అప్పుడు తెలుస్తుంది, ఆ పిల్లకు కూడా సంఘంలో ఒక చోటు దొరుకుతుంది.

వేరేవాళ్ల గాయం

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే.

2008లో కంధమాల్లో క్రైస్తవుల మీద జరిగిన హింస గజపతి జిల్లాకు ఆనుకుని ఉన్న కొండల్లో జరిగింది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోయాయి, అడవుల్లో, సహాయ శిబిరాల్లో తలదాచుకున్నాయి. ఆ రోజులు చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు, కొందరు మీ సంఘంలోనే మౌనంగా వెనక వరసలో కూర్చుంటారు. ఆ సంగతిని అక్కడ లేనివాళ్లు సభల్లో కన్నీళ్లతో చెప్పడం, చివర్లో కానుకల పళ్లెం తిప్పడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మీరు అక్కడ లేకపోతే అక్కడున్నట్టు మాట్లాడకండి. ఉన్నవాళ్ల సంగతి చెప్పాలనుకుంటే వాళ్లను అడగండి: నేను ఇది చెప్పొచ్చా, పేరు, ఊరు చెప్పొచ్చా, ఏ మాట వద్దు? వద్దంటే అక్కడితో వదిలేయండి. సరేనంటే చెప్పేటప్పుడు వాళ్లకు ఇబ్బంది లేకుండా చూసుకోండి, ఫోన్లో రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టనివ్వకండి. బయటకు వెళ్లిన మాట ఎవరి చేతుల్లో పడుతుందో, దానివల్ల ఆ కుటుంబానికి ఏం వస్తుందో మనం చెప్పలేం.

ఇదే లెక్క మీ ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుంది. మీ భార్యకు గర్భం పోయిన సంగతి మీ ఒక్కరి సాక్ష్యం కాదు. మీ అబ్బాయి పదో తరగతి తప్పిన సంగతి ప్రసంగానికి దొరికిన ఉదాహరణ కాదు, వాడు రేపు సండే స్కూలుకు వచ్చి ఆ పిల్లల మధ్యే కూర్చోవాలి. ప్రార్థన చేయండని మీ దగ్గరికి వచ్చి ఒకరు చెప్పుకున్నది పేరు మార్చి చెప్పినా, చిన్న ఊళ్లో అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. చెప్పకండి. ఇందులో మినహాయింపు ఒక్కటే ఉంది, దాని దగ్గరికి కింద వస్తాను.

స్వస్థత సాక్ష్యాలు

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, కాబట్టే ఈ సాక్ష్యాలు కచ్చితంగా ఉండాలంటాను. మన ప్రాంతంలో మలేరియా ఉంది, టీబీ ఉంది, సికిల్ సెల్ ఉంది, షుగరు, బీపీ ఇంటింటా ఉన్నాయి. మీకు జ్వరం తగ్గితే రక్తపరీక్ష చేయించుకున్నది, మాత్రలు వేసుకున్నది, ప్రార్థన చేయించుకున్నది అన్నీ కలిపి చెప్పండి. మాత్రల మాట దాచి ప్రార్థన మాట ఒక్కటే చెబితే, విన్న ఒక తల్లి తన కొడుకు టీబీ మందులు మధ్యలో ఆపించవచ్చు. ఆ మందులు కనీసం 6 నెలలు వాడాలి, మధ్యలో ఆపితే రోగం మందుకు లొంగని రకంగా మారవచ్చు. అప్పుడు ఆ పిల్లాడి ప్రాణం మీదకు మీ సాక్ష్యమే తెచ్చినట్టవుతుంది.

బైబిలు ఈ విషయంలో ఏమీ దాచలేదు. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా ఉండగా విడిచి వచ్చానని 2 తిమోతికి 4:20లో రాశాడు. తిమోతికి తరచూ వచ్చే జబ్బులకు, కడుపు బాధకు ప్రార్థన కూడిక పెట్టమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. మన రాయగడ జిల్లాలోనే డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ 1954లో మొదలుపెట్టిన బిస్సంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది, ప్రార్థన, వైద్యం ఒకే ఆవరణలో ఇన్నేళ్లుగా నడుస్తున్నాయి. తగ్గని రోగంతో బతుకుతూ దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లకు కూడా సాక్ష్యం చెప్పే అవకాశం ఇవ్వండి. గెలిచినవాళ్లే మైకు దగ్గరకు వస్తే ఓడుతున్నవాళ్లు సంఘం మానేస్తారు.

గుణుపురం దగ్గర ఒక ఇంటి కూడికలో సంతలో ఎండుచేపలు అమ్మే ఒక అమ్మ సాక్ష్యం విన్నాను. లేచి నిలబడి, చీరకొంగు చేతికి చుట్టుకుంటూ, ‘గ్రూపు లోను ఇంకా తీరనేదు. పెద్దోడు తాగడం మాననేదు. కానీ నిన్న రాత్రి పడుకున్నాను బాబూ, చాన్నాళ్లకి నిద్దరపట్టింది. అందుకు స్తోత్రం’ అని కూర్చుంది. అంతే. కూడిక నడుపుతున్న కుర్రాడు దానికి ఏమీ కలపలేదు, ‘త్వరలో లోను కూడా తీరుతుందమ్మా, ఆమెన్ చెప్పండి’ అనలేదు, కాసేపు ఊరుకుని, ‘అమ్మా, లోను కిస్తీ ఎప్పుడు?’ అని అడిగాడు. కూడిక అయ్యాక ఇద్దరు ఆడవాళ్లు ఆమె పక్కకు చేరి లెక్క చూడడం మొదలుపెట్టారు. కూడిక నడపడం ఎలాగో ఆ కుర్రాణ్ణి చూసి నేర్చుకోవచ్చు.

ఎంతవరకు చెప్పాలి

బలహీనత చెప్పుకోవడం ఇప్పుడు ఫ్యాషన్ అయిందని కొందరు పెద్దలు విసుక్కుంటారు, వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. పౌలు ఆసియాలో బతుకు మీద ఆశ వదులుకున్నామని 2 కొరింథీయులకు మొదటి అధ్యాయంలోనే రాశాడు, కానీ అది దాటాక రాశాడు, తాను పొందిన ఆదరణను ఇంకొకరికి అందించడం కోసం రాశాడు. నేను వాడే కొలత ఇది: ఇది చెప్పాక వినేవాళ్లు నన్ను మోయాల్సి వస్తుందా, లేక వాళ్ల బరువు కొంత తగ్గుతుందా? మొదటిదైతే సంఘం ముందు కాదు, ఒక పెద్దాయన దగ్గర, వేరే సంఘం పాస్టరుగారి దగ్గర, అవసరమైతే డాక్టరు దగ్గర చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, చనిపోవాలనిపించడం ఉంటే ఉపవాసం పెంచకండి, ముందు డాక్టర్ని చూడండి. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టాడు, ప్రశ్న తర్వాత అడిగాడు.

పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మన సంఘాల్లో ఇప్పటికీ పాడుకుంటున్నాం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్ముకుని, పాటలు రాస్తూ, బోధ చేస్తూ 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనల్లో చాలాచోట్ల ‘నేను’ వస్తుంది, ఆ నేను దయ కోసం నిలబడిన పాపి. తన గొప్ప చెప్పుకోడు, తన తప్పుల చిట్టా విప్పి జనానికి వినోదమూ పెట్టడు. ఎంత చెప్పాలి అనే ప్రశ్న వచ్చినప్పుడు ఆ కీర్తనలు నెమ్మదిగా చదువుకోండి, పాడకుండా చదవండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ‘నేనూ మనిషినే, నాకూ బలహీనతలున్నాయి’ అనేది జవాబుదారీకి బదులు కాదు. సంఘం డబ్బు వాడుకున్నవాడు, ఒక ఆడమనిషి నమ్మకాన్ని దుర్వినియోగం చేసినవాడు కన్నీళ్లతో ఒప్పుకుని మరుసటి ఆదివారం మళ్లీ మైకు పట్టుకుంటే అది నిజాయితీ కాదు. పక్కకు తప్పుకోవాలి, నష్టపోయినవాళ్ల మాట ముందు వినాలి, ఎప్పుడు తిరిగి రావాలో, అసలు రావచ్చో లేదో నిర్ణయించేది ఆయన కాదు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం సంగతి మీ చెవిన పడితే, ప్రార్థనలో చెప్పుకున్నా సరే, దాచడానికి వీల్లేదు. పైన చెప్పిన మినహాయింపు ఇదే. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం మీ బాధ్యత, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. ‘సంఘం పరువు’ అనేవాళ్ల మాట వినకండి.

డబ్బు, ఫోటోలు

డబ్బు దగ్గర ఎంత తెరిచి ఉంటే మాటకు అంత విలువ. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, వాళ్లలో పాస్టరుగారు ఉండకూడదు. ఒక చిన్న సంఘంలో వెనక గోడకు నల్లబల్ల చూశాను, దాని మీద సుద్దముక్కతో ఆ వారం కానుకలు, కరెంటు బిల్లు, ఒక విధవరాలికి ఇచ్చిన బియ్యం ఖర్చు, మిగిలింది ఎంతో రాసి ఉంది. విధవరాలి పేరు రాయలేదు. పౌలు కూడా యెరూషలేముకు చందా పంపేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు, 2 కొరింథీయులకు 8లో ఉంది. ట్యూషన్లు చెప్పుకుంటూ, ఆటో నడుపుకుంటూ సేవ చేసేవాళ్లు ఆ సంగతి దాచకండి. వీటితోనే కష్టపడ్డానని పౌలు తన చేతులు చూపించి మరీ చెప్పాడు.

బియ్యం బస్తా ఇస్తూ ఫోటో తీయకండి. తీయాల్సి వస్తే బస్తాను తీయండి, మనిషిని కాదు.

మాట కన్నా ముందు ఉండటం

చెప్పడానికి మీ దగ్గర బతికిన అనుభవం లేదనిపిస్తే కొత్త పుస్తకం కొనకండి, మనుషుల దగ్గరికి వెళ్లండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది, కొండచరియలు పడి ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు రేకులు ఎత్తడానికి, బురద తీయడానికి వెళ్లినవాళ్ల మాటను ఆ తర్వాత జనం విన్నారు. తుపాను రోజే రానక్కర్లేదు. ఆసుపత్రిలో రాత్రి తోడు పడుకోవడం, ఆధార్ తప్పు సరిచేయించడానికి ఒక ముసలాయనతో బ్లాకు ఆఫీసుకు వెళ్లడం, రైలు దిగిన శవపేటికకు భుజం పట్టడం కూడా అవే. చావింటికి వెళితే వెంటనే బైబిలు తెరవకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు విప్పలేదు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు విప్పాకే చెడింది. ‘దేవుడెందుకిలా చేశాడు అయ్యగారూ’ అని తల్లి అడిగితే ‘నాకు తెలియదమ్మా’ అనండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

మిమ్మల్ని కాదనగల ఒక మనిషిని దగ్గర పెట్టుకోండి. అంతియొకయలో పేతురు యూదులు రాగానే అన్యుల బంతిలోంచి లేచిపోతే పౌలు అందరి ముందే నిలదీశాడు. మన సంఘాల్లో పాస్టరుగారికి ఎదురు చెబితే దైవజనుణ్ణి అన్నావంటారు, అందుకే ఆ పని చేసే మనిషిని మీరే పిలిచి కూర్చోబెట్టాలి. నెలకోసారి రెండే ప్రశ్నలు అడగండి: ఈ నెల నేను చెప్పినవాటిలో నీకు నమ్మబుద్ధి కానిది ఏది, ఈ నెల నేను ఎవరింటికి వెళ్లాల్సింది వెళ్లలేదు. మొదట్లో మొహమాటంతో ఏమీ లేదంటారు. టీ పోసి మళ్లీ అడగండి.

వాళ్లు చూపించిన పొరపాటు ప్రసంగంలోదైతే వచ్చే ఆదివారం, అదే చోట, వాక్యం మొదలుపెట్టకముందే సరిదిద్దండి. ‘పోయిన వారం ఫలానా అంకె చెప్పాను, అది సరికాదు, సరైనది ఇది’ అంటే చాలు, రెండు వాక్యాలు. క్షమాపణను ఇంకో ప్రసంగం చేయకండి. అది ఎవరి గురించైనా చెప్పిన మాటైతే ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లండి.